మైకు మాస్టారి సెక్షన్

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన్ని అందరం మైకు మాస్టారు అనేవాళ్లం. ఆయన పాఠం మొదలుపెడితే పక్క గదిలో నా పాఠం అటకెక్కాల్సిందే. దూలం మీద బరువు పడితే అది ఎక్కడ వంగుతుందో, ఎందుకు వంగుతుందో బోర్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా రాసుకుంటూ పోయేవారు. పిల్లలు కిక్కురుమనకుండా వినేవాళ్లు. "ఈయన కాపురం నాతో కాదు, ఆ బోర్డుతో" అనేది ఆయన భార్య, నవ్వుతూనే.

పోయిన ఏడాది మా హెడ్‌కి కొత్త ఆలోచన పుట్టింది. ఒక సెక్షన్‌లో మాస్టారు ఎప్పటిలాగే లెక్చర్ చెప్పాలి. రెండో సెక్షన్ కొత్తగా చేరిన మేడమ్‌ది. ఆమె ఒకప్పుడు మాస్టారి శిష్యురాలే. ఆమె పిల్లల్ని నలుగురేసి బల్లల చుట్టూ కూర్చోబెట్టి, ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకునేలా చూడాలి. పరీక్ష అందరికీ ఒకటే. ఏది గెలిస్తే ఇకపై అదే పద్ధతి. మనుషుల్ని ఇలా తూకం వేస్తారా అని నాకు ఒళ్లు మండింది. మాస్టారు మాత్రం, "చెప్పకుండా పాఠం ఎలా వస్తుందయ్యా? చూద్దాంలే" అన్నారు.

ఆమె సెక్షనే గెలిచింది, అదీ అలా ఇలా కాదు. మాస్టారు నమ్మలేక ఒకరోజు వెళ్లి ఆమె క్లాసులో వెనక కూర్చున్నారు. ఒక కుర్రాడు పక్కవాడికి లెక్క తప్పు చెబుతున్నాడు. ఈయన దిద్దబోయి లేచేలోపే ఎదురుగా ఉన్న అమ్మాయి, "ఆగరా, అక్కడ దూలం కిందికి వంగుతుందా, పైకి లేస్తుందా? ముందు అది చెప్పు" అంది. వాడు బుర్ర గోక్కుని తనే సరిచేసుకున్నాడు.

"నా క్లాసులో ఇన్నేళ్లూ ఎవరూ తప్పు చెప్పలేదయ్యా" అన్నారు బయటికొచ్చి నాతో. "అసలు నోరు విప్పనిస్తే కదా."

ఈ ఏడాది ఆయన గదిలోకీ బల్లలు వచ్చాయి. బల్లల మధ్య తిరగాలి, అడిగితేనే చెప్పాలి. ఎవరూ అడగలేదు. ఓ ఉదయం సంతకం కోసం వెళ్తే గదంతా మాటలతో హోరెత్తుతోంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి, పాత పాఠాన్ని తనలో తనే చెప్పుకుంటూ రాసుకుపోతున్నారు. పోనుపోను గొంతు పెరిగింది. దగ్గరి బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చి మర్యాదగానే అంది.

"సార్, కాస్త మెల్లగా చెప్పుకోండి. మావాళ్లు చెప్పేది మాకు వినపడట్లేదు."

"అలాగేనమ్మా" అన్నారు. రాసిందంతా తుడిచేసి, కూర్చోవడానికి కుర్చీ కోసం చూశారు. అన్ని కుర్చీల్లోనూ పిల్లలే ఉన్నారు.