రుచి చూడకుండా వండిన ఇరవై రోజులు

ఆ రోజు ములక్కాడ సాంబారు చప్పగా ఉందని వంటగదిలో అందరినీ కేకలేశాను. తగ్గింది ఉప్పు కాదు, నా నాలుకేనని అప్పటికి నాకు తెలియదు. నా చేత్తోనే ఇంకో పిడికెడు ఉప్పు వేసి వడ్డనకు పంపాను.

అబిడ్స్‌లో ఒక సందులో నాకు చిన్న భోజన హోటల్ ఉంది. మా తాతగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డారు. మా ఇంటి వంటే నా పెట్టుబడి. ఒక టీవీ ఛానల్ వంటల పోటీకి వెళ్లి మొదటి రౌండు దాటాను. రెండో రౌండు షూటింగుకి పన్నెండు రోజులుంది. ఆ పోటీలో నిలబడితే బషీర్‌బాగ్‌లో రెండో హోటల్ పెట్టాలని నా ఆశ.

రోజూ భోజనానికి వచ్చే పోస్టాఫీసు పెద్దాయన ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు జరిపాడు.

"మేడం, ఇయ్యాల సముద్రం తెచ్చి పోసిన్రా ఏంది?"

ఆయనకు బీపీ ఉంది, అందుకే అలా అంటున్నాడని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం ఎడమ చెవి వెనక నొప్పి మొదలైంది. దానికి ఏసీని తిట్టాను.

మర్నాడు పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి చీర మీదికి కారాయి. అద్దంలో చూస్తే కుడి బుగ్గ పని చేస్తోంది, ఎడమ బుగ్గ సెలవు పెట్టింది. ఎడమ కంటికి రెప్ప పూర్తిగా పడటం లేదు. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా షూటింగు గుర్తొచ్చింది. టీవీ వాళ్లకు తెలిస్తే నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటారు. కరోనా నాటి మాస్క్ ఒకటి వెతికి పెట్టుకుని హోటల్‌కి వెళ్లిపోయాను. మా ఆయన రమణ అడిగితే జలుబన్నాను. ఆ రోజంతా అలాగే గడిపేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

మా పెద్ద వంటమనిషి యాదమ్మ మరుసటి రోజు పొద్దున పట్టేసింది. మాస్క్ కాస్త ఎత్తి టీ తాగబోతే గడ్డం మీదుగా కారిపోయింది.

"గిదేంది పద్మమ్మా, చాయ్ గట్ల కారుతున్నది? మూతి జూపియ్యి."

చూపించాను. తన చీర కొంగుతో నా గడ్డం తుడిచి, "నడువు దవాఖానకు" అంది. పొయ్యి మీద పప్పుందన్నా వినలేదు.

ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి, "కబూతర్ రక్తం పూస్తే మూడు రోజుల్ల సక్కగైతది అమ్మా. మా మామకు గట్లనే చేసినం" అన్నాడు.

"పావురాలకేం పాపం? నువ్వు ముందు జూసి నడుపు" అంది యాదమ్మ.

బషీర్‌బాగ్‌లో న్యూరాలజిస్ట్ మేడం నా చేత కనుబొమలు ఎత్తించింది, బుగ్గలు ఊదించింది, చేతులు చాపించింది. ఎడమ బుగ్గలోంచి గాలి తుస్సుమంది.

"నుదురు కూడా కదలడం లేదు. చేతులు, కాళ్లు బాగున్నాయి. ఇది స్ట్రోక్ కాదు, బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నెర్వ్ వాచింది. ఎప్పటి నుంచి?"

"నిన్న పొద్దున్నుంచండీ."

"నిన్నే ఎందుకు రాలేదు? స్టెరాయిడ్స్ మూడు రోజుల లోపు మొదలుపెట్టాలి. ఇంకా టైమ్ ఉంది కాబట్టి సరిపోయింది."

షుగర్ టెస్ట్ చేయించి స్టెరాయిడ్స్ రాసింది. కంటికి డ్రాప్స్, పడుకునేటప్పుడు రెప్పకు టేపు, తర్వాత ఫిజియోథెరపీ. రుచి సంగతి అడిగాను.

"నాలుక ముందు భాగంలో ఒక పక్క రుచి ఆ నెర్వ్‌తోనే తెలుస్తుంది. చాలామందికి వారాల్లో తిరిగొస్తుంది. మీకు ఎన్ని వారాలో చెప్పలేను."

అద్దంలో నా ముఖం చూసుకున్నప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కుడి పక్క ఉప్పుందంటే ఎడమ పక్క లేదంటోంది. ఇలాంటి నాలుకతో పోటీకి ఎలా వెళ్లను?

రమణ విషయం విని, "ఈసారికి వదిలేద్దాం పద్మా" అన్నాడు. నేనూ దాదాపు సరే అన్నాను. యాదమ్మ ఊరుకోలేదు.

"బోనం వండేటప్పుడు నాలిక మీద ఏస్తమా? అమ్మోరికి పెట్టకముందు ఎవ్వరం ముట్టం. ఉప్పు ఎన్నడన్న తప్పిందా? ఈడ గూడ నేను గట్లనే వండుతున్న గదా."

నిజమే. పదకొండేళ్లుగా ఆమె రుచి చూడకుండానే వండుతోంది. అది నిర్లక్ష్యమని నేనెన్నోసార్లు కసిరాను కూడా. ఆ రోజు నుంచి ఆమె నాకు మేష్టారయ్యింది. ఉప్పు నా పిడికిలితో కొలిచి గుర్తుపెట్టుకోవడం, ఉప్పు పడ్డాక ఆవిరి వాసన ఎలా మారుతుందో పట్టుకోవడం, పులుసులో బుడగలు చిన్నవై బరువుగా పగలడం చూసి పొయ్యి కట్టేయడం. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పాల్సింది రోజూ భోజనానికి వచ్చే పోస్టాఫీసు వాళ్లు. వాళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నానని వాళ్లకు చెప్పలేదు.

పాఠాలు మొదలైన నాలుగో రోజు దెబ్బ తగిలింది. మిరపకాయల తాలింపు దగ్గర నిలబడ్డాను. పొగ లేచింది, రెప్ప పడలేదు. సాయంత్రానికి కన్ను చింతనిప్పులా అయింది. కంటి డాక్టర్ గట్టిగానే తిట్టాడు.

"కార్నియా మీద పుండు పడబోయింది. ఇంకోసారి ఇలా చేస్తే చూపుకే ప్రమాదం. మూడు రోజులు పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు."

ఆ మూడు రోజులూ గల్లా దగ్గర కంటికి కట్టుతో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకూ కథ చెప్పాను. అవి గడిచాక అబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఈత కొట్టేవాళ్లు పెట్టుకునే నీలం కళ్లద్దాలు కొనుక్కున్నాను. అవి పెట్టుకుని తాలింపు వేస్తుంటే వంటగదంతా విరగబడి నవ్వింది. నేనూ సగం ముఖంతో నవ్వాను.

షూటింగులో మేకప్ అమ్మాయికి మాత్రం విషయం చెప్పాను. కారణం చెప్పకుండా కెమెరామన్‌ని కుడి పక్కనుంచి తీయమని బతిమాలుకున్నాను. తాలింపు పొగకు నీలం కళ్లద్దాలు పెట్టుకునే తీపి గుమ్మడికాయ పులుసు చేశాను. పులుపు, తీపి, ఉప్పు మూడూ సమానంగా కుదరాలి. జడ్జి వచ్చి నా గిన్నె వైపు చూశాడు.

"ఒక్కసారి కూడా టేస్ట్ చూడలేదేంటండీ? ఓవర్ కాన్ఫిడెన్సా?"

దాచడం నా వల్ల కాలేదు. నీలం కళ్లద్దాలు తీసి, ఎడమ చెంప కెమెరాకు తిప్పాను.

"నా నాలుక సగమే పని చేస్తోందండీ. అందుకే దాన్ని అడగలేదు. వాసనతో, చేతి కొలతతో వండాను."

ఆయన ఒక చెంచా తిన్నాడు. ఇంకో చెంచా తిన్నాడు. నేను ఆ రౌండు దాటాను.

ఇరవయ్యో రోజున మజ్జిగన్నంలో నిమ్మకాయ పచ్చడి ఎడమ పక్క కూడా చురుక్కుమంది. ఆనందం పట్టలేక పచ్చడి సగం గిన్నె తినేశాను. ముఖం బాగుపడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఈలోగా సెమీఫైనల్ వచ్చింది. తిరిగొచ్చిన నాలుకను చూసి మురిసిపోయి కూర తొమ్మిదిసార్లు రుచి చూశాను. చూసినప్పుడల్లా చిటికెడు ఏదో ఒకటి వేశాను. ఉప్పెక్కువైందని ఇంటికి పంపించేశారు. యాదమ్మ నన్ను ఓదార్చలేదు. "చెప్తే ఇన్నవా?" అని చాయ్ ఇచ్చింది.

రెండో హోటల్ ఇంకా పెట్టలేదు, ఆశ అలాగే ఉంది. ఇప్పటికీ గట్టిగా నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు కన్ను కొడుతున్నాననుకుంటారు.

పోటీ టీవీలో వచ్చాక ఉస్మాన్‌గంజ్ నుంచి ఒకావిడ పులుసు ఎలా చేయాలో అడగడానికి వచ్చింది. పేరు సుజాత, వాళ్లకు పప్పుల దుకాణం ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. ఎడమ కంట్లో నీళ్లు కారుతున్నాయి. నాకు అర్థమైంది.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పొద్దున్నుంచే. ఎల్లుండి మా మరిది పెండ్లి ఉన్నది. అది అయినంక పోత దవాఖానకు."

పులుసు సంగతి తర్వాత చెబుతానని అప్పటికప్పుడు ఆటో ఎక్కించాను. చదివేవాళ్లకూ నేను చెప్పేది ఇదే. ముఖం ఒక పక్క జారితే పెళ్లనీ పోటీ అనీ ఆగకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది బెల్స్ పాల్సీయో స్ట్రోకో మనకు మనం తేల్చుకోవద్దు. చెయ్యో కాలో బలహీనపడినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

సుజాత ఇప్పుడు నెలకోసారి మా హోటల్‌లో భోంచేస్తుంది. ఆకు వేయకముందే యాదమ్మ ఎదురుగా నిలబడి, "ఏదీ, బుగ్గలూదు" అంటుంది. అందరూ చూస్తుండగా సుజాత రెండు బుగ్గలూ బూరెల్లా ఊదుతుంది. గాలి ఎటూ పోదు. అప్పుడు యాదమ్మ అన్నం పెడుతుంది.