శ్రుతి దించుకున్న మాస్టారు

2023 వేసవి. సత్తెనపల్లిలో పిల్లలకు సెలవులిచ్చిన వారానికే టీచర్లకు బడి మొదలైంది. ప్రాథమిక పాఠశాలల టీచర్లకు రెసిడెన్షియల్ ట్రైనింగ్, అంటే తిండీ నిద్రా పాఠాలూ అన్నీ ఒక్కచోటే. సెలవులకు ఖాళీ అయిన ఒక కాలేజీ హాస్టల్లో మాకు బస ఇచ్చారు. నేను అక్కడ రిసోర్స్ పర్సన్‌ని. టీచర్లకు టీచరు అన్నమాట.

నా సంగతి ముందే చెప్పెయ్యాలి. నాది పెద్ద గొంతు. ఏ ఊళ్లో ట్రైనింగ్ పెట్టినా "మేడం గారికి మైకెందుకండీ, దండగ" అని ఎవరో ఒకరు అంటారు, నేను లోపల్లోపల మురిసిపోతాను. మా ఇంట్లో వాళ్లు మాత్రం "మేం పక్కనే ఉన్నాం తల్లీ, పక్క ఊళ్లో లేం" అంటారు. వాళ్లకేం తెలుసు, క్లాసులో గొంతంటే ఏమిటో.

ఆ వేసవి నాకు ఇప్పటికీ ఒక కలలాగే గుర్తుంది. ఊరి చుట్టూ కల్లాల్లో ఆఖరి కోత మిరపకాయలు ఎండుతూ ఉండేవి. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే దూరంగా నేల మీద ఎరుపు, దానిపైన ఎండకు వణుకుతున్న గాలి, ఆ వెనకాల ఏమీ లేనట్టు తెల్లటి ఆకాశం. గాలి అటునుంచి తిరిగిందంటే క్లాసంతా తుమ్ములు. అన్నం తిన్నాక అందరికీ కళ్లు మూతలు పడేవి. ఫ్యాను చప్పుడులో నా పాఠం నాకే జోలపాటలా వినపడేది. ఒకపూట పాఠం నిజంగా చెప్పానో, చెప్పినట్టు కలగన్నానో ఇంకోపూటకి తెలిసేది కాదు.

సాయంత్రాలు ఇంకా బాగుండేవి. ఊళ్లో సంగీత సభ వాళ్లు కల్యాణ మండపం ఆవరణలో పందిరి వేసి వేసవి కచేరీలు పెట్టారు. నీళ్లు చల్లిన నేల వాసన, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ డ్రమ్ము, పైన మెల్లగా నల్లబడే ఆకాశం. అయిదింటికి క్లాసు వదలగానే స్నానాలు చేసి కొందరం అక్కడికి నడిచేవాళ్లం. నాకు సంగీతం పెద్దగా తెలియదు. తంబురా మోగుతుంటే కళ్లు మూసుకుని కూర్చోవడం మాత్రం బాగా తెలుసు.

మాతో రోజూ వచ్చేవాళ్లలో కోటేశ్వరరావు గారు ఒకరు. దాచేపల్లి దగ్గర ఒక చిన్న పల్లెలో బడి ఆయనది. అయిదు తరగతులకూ ఆయనొక్కరే మాస్టారు. ఇలాంటి బడిని మల్టీ గ్రేడ్ అంటాం. ఒకే గదిలో ఒకటో తరగతి వాడు 'అ' దిద్దుతుంటే అయిదో తరగతి వాడు భాగహారం చేస్తుంటాడు. ఆయన క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవారు. ఏదడిగినా తలూపడమే. మొదట్లో మొండి మనిషి అనుకున్నాను. రెండో రోజు భోజనాల దగ్గర ఆయనే నోరు విప్పారు. వచ్చింది గొంతు కాదు, గొంతు పోగా మిగిలిన గాలి.

"స్వరపేటిక మీద బొడిపెలు లేచినయ్యంట మేడం. గుంటూరు డాక్టరు గారు అరిస్తే ఉన్నది కూడా పోద్దన్నారు."

"మందులు వాడుతున్నారా?"

"వాడుతున్నా. అరవకుండా ఉండటమే అసలు మందంట. అది మా బళ్లో ఎట్టా కుదురుద్దండీ? ఒక పక్క సిమెంటు లారీలు, ఒక పక్క పిల్లకాయలు. వాళ్లు ఒక మెట్టు పెంచితే నేను రెండు మెట్లు పెంచాల. ఇన్నేళ్లూ అట్టాగే నెట్టుకొచ్చా."

మజ్జిగన్నం కలుపుతూ మెల్లగా అసలు సంగతి చెప్పారు. సర్వీసు ఇంకా ఉండగానే స్వచ్ఛందంగా రిటైరవుదామని ఆయన నిర్ణయానికి వచ్చేశారు. ఈ ట్రైనింగ్ అయ్యాక అర్జీ పెడతారట. ఆయన వెళ్లిపోతే ఆ పల్లెకు వెంటనే ఇంకొకరు రారు. వచ్చేదాకా పిల్లలు హైవే దాటి పక్క ఊరి బడికి వెళ్లాలి.

"ఆ రోడ్డు మీరు చూళ్లేదు మేడం. లారీవాడికి పెద్దోళ్లమే కనపడం," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ట్రైనింగులో రోజూ చివర్లో మైక్రో టీచింగ్ ఉంటుంది. అంటే తన వంతు వచ్చినప్పుడు ప్రతి టీచరూ ఒక పది నిమిషాల పాఠం చెప్పాలి, మిగతా టీచర్లు పిల్లల్లా కూర్చోవాలి. పిల్లల్లా కూర్చోమంటే పెద్దవాళ్లు ఎంత రెచ్చిపోతారో చూసి తీరాలి. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చిన సాంబయ్య గారైతే ఆ పది నిమిషాల కోసమే ట్రైనింగుకి వచ్చినట్టుండేవాడు. కుర్చీ లాగడం, పక్కవాణ్ని గిల్లడం, "సార్, వీడు నా పెన్ను తీసుకున్నాడు సార్" అనడం.

"మాస్టారూ, మీరు ఏ పాఠం తీసుకుంటారు?" అని కోటేశ్వరరావు గారిని అడిగాను.

"నన్నొదిలెయ్యండి మేడం. ఆ సాంబయ్యని కూర్చోబెట్టే గొంతు నా దగ్గర లేదు."

గొంతు పొదుపుగా వాడుకోవడం మీద మా మాడ్యూల్లో ఒక పాఠం ఉంది. దాన్ని నేను ఆ మధ్యాహ్నం ఫ్యాన్ల చప్పుడు మీదుగా అరిచి అరిచి చెప్పాను. ఆయన వెనక బెంచీలోంచి నన్ను చూసి చిన్నగా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు సాయంత్రం కచేరీ చీరాల నుంచి వచ్చిన ఒక గాయనిది. వయసులో చిన్నది, మంచి పేరున్న అమ్మాయి. ఆ పూట గాలి కల్లాల వైపు నుంచే వీస్తోంది. పందిరి కింద అక్కడక్కడా దగ్గులు. ఆ అమ్మాయి రెండు కీర్తనలు హాయిగా పాడి, మూడోది మోహన రాగంలో ఎత్తుకుంది. రాగం పైకి, ఇంకా పైకి వెళుతోంది. అందరం ఆ అంచు కోసం చూస్తున్నాం. సరిగ్గా అక్కడ ఆమె గొంతు పగిలింది. మళ్లీ అందుకోబోయింది. మళ్లీ పగిలింది. దగ్గు ముంచుకొచ్చి పాట ఆగిపోయింది.

నా పక్కన కోటేశ్వరరావు గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "అయిపోయింది మేడం. ఇక మంగళం పాడేస్తది," అన్నారు. ఆ అమ్మాయి గురించే అన్నారో, ఇంకెవరి గురించి అన్నారో.

ఆ అమ్మాయి నీళ్లు తాగింది. మైకు దగ్గరికి జరిగి, సిగ్గూ బింకం ఏమీ లేకుండా ఇంట్లో వాళ్లతో చెప్పినట్టు చెప్పింది.

"మీ మిరపకాయల ఘాటు నా గొంతు పట్టేసిందండి. కొంచెం శ్రుతి దించుకుంటాను. ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి."

శ్రుతి అంటే పాట నిలబడే ఆధార స్థాయి. పాడేవాళ్లు తమ గొంతుకు తగ్గట్టు దాన్ని ముందే పెట్టుకుంటారు, పక్కవాద్యాలన్నీ దానికే కలుపుకుంటాయి. కచేరీ మధ్యలో దాన్ని మార్చడమంటే పంక్తిలో విస్తళ్లెత్తి మళ్లీ వడ్డించడమే. అయినా వాళ్లెవరూ కంగారు పడలేదు. ఆమె ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె మీట తిప్పి శ్రుతి దించింది. వయొలిన్ ఆయన తీగలు ఒక్కొక్కటే సడలించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మృదంగం ఆయన చిన్న రాయితో అంచు చుట్టూ తట్టుతూ, ఆగి వింటూ, మళ్లీ తట్టుతూ కూర్చున్నాడు. జనం మజ్జిగ తాగారు. ఒక్కరూ లేచి వెళ్లలేదు.

తర్వాత ఆమె అదే మోహనం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కింద, చాలా కింద. దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. వెనక కుర్చీల వాళ్లు నిశ్శబ్దంగా లేచి ముందు వరసల పక్కన నేల మీద కూర్చున్నారు. పిల్లల్ని సముదాయిస్తున్న తల్లులు కూడా మెడ ముందుకు చాచి వింటున్నారు. తాళం వేసే చేతులు తొడల మీద చప్పుడు కాకుండా పడుతున్నాయి. ఎవరో మనకొక్కరికే చెవిలో చెబుతున్నట్టుంది ఆ పాట. ఎర్రటి కల్లాలు, వేడి, ఆ రోజు నేను చెప్పిన పాఠాలు, అన్నీ ఎక్కడో నీళ్ల అడుగుకు జారిపోయాయి. పాట ఎప్పుడు అయిపోయిందో నాకు నిజంగా తెలియలేదు.

హాస్టలుకి నడిచి వస్తుంటే కోటేశ్వరరావు గారు ఉన్నట్టుండి ఆగారు.

"దించుకోవచ్చన్నమాట మేడం."

"ఏమిటండీ?"

"ఆ అమ్మాయి దించుకుంది. అడిగి మరీ దించుకుంది. ఎవరూ పోలా. ఇంకా ముందుకొచ్చి కూర్చున్నారు." మళ్లీ నడక మొదలుపెట్టి అన్నారు. "నేను ఉద్యోగంలో చేరిన కాడి నుంచి పై స్థాయిలోనే పాడతన్నా."

మైక్రో టీచింగులో తన వంతు వచ్చిన రోజు ఆయన నేను పిలవకుండానే లేచారు. వాన ఎలా కురుస్తుందో చెప్పే పాఠం. సాంబయ్య గారు అప్పటికే బెంచీ మీద దరువు మొదలుపెట్టాడు. మాస్టారు అరచెయ్యి పైకెత్తి, నేల వైపు తిప్పి, మెల్లగా కిందికి దించారు. అలాగే నిలబడ్డారు. దరువు ఇంకాస్త సాగి, తోడు లేక ఆగింది. అప్పుడు ఆ గాలి గొంతుతోనే మొదలుపెట్టారు. "మన ఊరి వాన ఎక్కడో సముద్రంలో పుట్టింది..."

"సార్, వినపడట్లా సార్," అన్నాడు సాంబయ్య.

మాస్టారు తలూపి, అదే మాట ఇంకా మెల్లగా అన్నారు. సాంబయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. పక్కావిడ "గమ్మునుండవయ్యా" అని కసిరింది. అతను లేచి మొదటి బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు. ఆ ఎండలో, ఆ మిరప ఘాటులో, సముద్రం మీంచి మబ్బు లేచి మా కిటికీ దాకా వచ్చినట్టే అయింది నాకు. పాఠం అయ్యాక సాంబయ్యే ముందు చప్పట్లు కొట్టాడు.

మాస్టారు మాత్రం పొంగిపోలేదు. "మీరంతా పెద్దోళ్లు గనక మర్యాదకి విన్నారు. పిల్లకాయలకి మొహమాటం ఉండదు మేడం. బడి తెరిచాక ఒక నెల చూస్తా. కుదరకపోతే అర్జీ పెట్టేస్తా," అన్నారు. ఆయన చెప్పింది నిజమే కదా.

జూలై నెలాఖరులో ఆ వైపు స్కూళ్ల విజిట్ పడింది. సన్నగా ముసురు పట్టి ఉంది. హైవే మీద సిమెంటు లారీలు తెల్లటి బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. ఆటో దిగి బడి వైపు నడిచాను. గేటు తీసే ఉంది. లోపలి నుంచి చప్పుడు లేదు. ప్రాథమిక పాఠశాల అన్నది వంద గజాల ముందే వినపడాలి. అక్కడ వరండా చూరు నుంచి నీటి చుక్కలు పడుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. వెళ్లిపోయారు, పిల్లలు రోడ్డు దాటి వెళ్లారు అనుకున్నాను.

ఆ కంగారులో గుమ్మంలోకి ఒక్క అంగ వేసి, "కోటేశ్వరరావు గారూ" అని కేకేశాను, నా మామూలు గొంతుతో.

గది నిండా పిల్లలు. గుంపులు గుంపులుగా నేల మీద కూర్చుని, తలలు దగ్గర పెట్టుకుని, ఏవో గుసగుసగా చదువుకుంటున్నారు. మాస్టారు మధ్యలో చిన్న పీట మీద ఉన్నారు. నా కేకకు అన్ని తలలూ ఒక్కసారి తిరిగాయి. ఆ వెంటనే అందరూ, ఒకటో తరగతి వాళ్లతో సహా, అరచేతులు పైకెత్తి, నేల వైపు తిప్పి, నా వంక చూస్తూ మెల్లగా కిందికి దించారు.

మాస్టారు భుజాలు కదిలేలా నవ్వుతున్నారు, శబ్దం లేకుండా. నేను సిగ్గుపడి, గుమ్మంలోనే చతికిలపడి, చేతనైనంత నెమ్మదిగా అడిగాను. "బాగున్నారా మాస్టారూ? ఉంటున్నారా మరి?"

"ఉంటన్నా మేడం," అన్నారు.

టీచర్లకు గొంతు ఎలా వాడాలో ఇన్నేళ్లుగా నేర్పినదాన్ని నేను. తగ్గిన గొంతు ఓడిన గొంతు కాదని, దాని దగ్గరికి మనుషులు వాళ్లంతట వాళ్లే జరిగి వస్తారని నాకు తెలిసింది ఆ గుమ్మంలో కూర్చున్నప్పుడే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ మాటే మాస్టారితో చెప్పడం మొదలుపెట్టాను.

నా పక్కనున్న రెండో తరగతి పాప మొదట నా మాట విని, కాసేపు ఆలోచించి, మళ్లీ అరచెయ్యి దించింది.

"ఇంకొంచెం, మేడం," అంది.