మూడు రాళ్ళ ఇల్లు

మొన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఇక్కడి, ఐర్లండ్‌లోని విక్లో కొండల ఫొటో పెట్టారు. శిఖరాన ఉన్న పాతకాలపు రాళ్ళగుట్టలోంచి రాళ్ళు పీకి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కన నవ్వుతూ నిలబడింది ఓ కుర్రజంట. నాకు ఒళ్ళు మండింది. అది సమాధి, బుద్ధుందా అని రాసి, పంపబోయి ఆగాను. తిట్టే అర్హత నాకెక్కడిది?

పదేళ్ళ కిందట, నేను లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజుల్లో, మా అద్దె ఇంటి ఓనరు ఇల్లు అమ్మేస్తున్నానని, నెలాఖరుకల్లా ఖాళీ చేయమని చెప్పాడు. ఏ ఇల్లు చూడబోయినా వీధి మలుపుదాకా క్యూ, మీరేం వండుకుంటారని ఆరా, ఆ తర్వాత ఫోనే ఉండదు. ఓనరు మీద కోపం, క్యూలో నా ముందున్నవాళ్ళ మీద కోపం, ఏమీ చేయలేని నా మీద ఇంకా కోపం. ఆదివారం ఇంట్లో కూర్చుంటే పోట్లాడుకోవడమే అవుతుందని నేనూ మా ఆవిడా ఆ కొండెక్కాం. చెట్టన్నది లేదు, తుప్పలు, గాలి, అడుగు తప్పితే మోకాలిదాకా దిగబడే నల్లటి బురద. ఆమె నెమ్మదిగా నడుస్తోందని దారి పొడవునా విసుక్కుంటూనే ఉన్నాను.

మా ఆవిడది తిరుపతి దగ్గర పల్లె. మెట్లదారిన కొండెక్కేవాళ్ళు సొంతిల్లు కావాలని మొక్కుకుని రాళ్ళు పేర్చడం మీరూ చూసే ఉంటారు, బహుశా పేర్చే ఉంటారు. పైకి చేరగానే ఆమె బూట్లు విప్పి, ఆ గుట్టలోంచి మూడు రాళ్ళు తీసి పేర్చి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. గొర్రెలను వెతుక్కుంటూ వచ్చిన ఓ పెద్దాయన ఆగి, తప్పుగా అనుకోవద్దంటూనే, అది వేల ఏళ్ళనాటి సమాధి అనీ, ఎక్కడి రాయి అక్కడ పెట్టేయమనీ మర్యాదగానే చెప్పాడు. ఆమె నావైపు తిరిగింది.

“సచ్చినోళ్ళకు వేల ఏండ్లుగా ఇల్లుండాది. బతికుండే మనకు నెలాఖరుకు లేకపాయె.”

దగ్గరకు తీసుకోవలసిన మనిషిని. పరాయివాడి ముందు పరువు పోయిందన్న ఉక్రోషంతో ఆ మూడు రాళ్ళనీ బూటుకాలితో తన్నాను. పెద్దాయన నన్ను పట్టించుకోలేదు. ఒక్కో రాయీ ఏరి గుట్టలో సర్ది, ఆమెతో మాత్రం ‘యు ఆర్ గ్రాండ్, లవ్’, ఏం పర్లేదు తల్లీ అని వెళ్ళిపోయాడు. ఆమె బూట్లు తొడుక్కుని నాకంటే ముందు కొండ దిగడం మొదలుపెట్టింది.

రెండేళ్ళకు ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు కొన్నాం. అద్దె ఇంట్లో మేకు ఎక్కడ కొట్టాలో కూడా పంతం పట్టి నెగ్గించుకునే మనిషి, తాళంచెవులు చేతికొచ్చిన రోజున దేవుడి గది ఎటు పెడదామంటే మీ ఇష్టం అంది. గోడల రంగుకూ అదే మాట, వంటింటి అలమరాలకూ అదే మాట. కోపంగా అన్నా బాగుండేది. రోజులు మారాయని, ఇప్పటి పిల్లలకు ఇల్లు దొరకడం మరీ గగనమైపోయిందని మనవాళ్ళంతా బాధపడుతుంటే నేనూ తలూపుతాను. ఇల్లు దొరికినవాణ్ణి నేను. ఇందులో ఆమె కోరి పెట్టించుకున్న వస్తువు ఒక్కటీ లేదు.