సొరుగులకు కొత్త పిడులు

ఆ వానాకాలం బిస్సమ్ కటక్ స్టేషన్లో రైలు దిగుతూ జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగింది. నేను అక్కడి బడిలో టీచర్ని. రోజూ రాయగడ నుంచి రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. ఆరు వారాలకు కట్టు విప్పారు గాని వేళ్లలో పట్టు రాలేదు. సెలవు పొడిగించుకుని, రాయగడలో మా ఆయనకిచ్చిన రైల్వే క్వార్టర్లో కూర్చున్నాను.

ఎడమచేత్తో తినడం అలవాటయింది. జడ మా ఆయన వేసేవారు, వంకరగానే. నన్ను ఏడిపించింది మాత్రం మా సొరుగుల బీరువా. ఒక్కో సొరుగుకీ రెండు చిన్న ఇత్తడి గుండీలు. రెండు చేతులా సమంగా లాగాలి. ఒక్క చేత్తో లాగితే అడ్డంగా బిగుసుకుపోతుంది. వానలకు చెక్క ఉబ్బితే మరీను. "ఏమండీ, కాస్త చీర తీసి పెట్టండి" అని డ్యూటీకి బయల్దేరే మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పిలిచేదాన్ని. ఆయన ఎన్నడూ విసుక్కోలేదు. నాకే సిగ్గుగా ఉండేది.

పక్క క్వార్టర్లో కొడుకు దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. వ్యాగన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. బాబాయ్ అని పిలిచేదాన్ని. గుణుపూర్ దగ్గర తమ పొలంలో కాసిన వంకాయలు ఇద్దామని ఒకరోజు వచ్చారు. నేను గుండీలకు తువ్వాలు కట్టి లాగుతున్నాను.

"ఏటమ్మీ, సొరుగుతో కుస్తీయా?"

చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. "సెయ్యిలా సాపు" అని, ఇంటికెళ్లి టేపు తెచ్చి నా నాలుగు వేళ్ల వెడల్పూ మందమూ కొలిచి కాగితమ్ముక్క మీద రాసుకున్నారు.

"పిడులు బజార్లో దొరుకుతాయి కదా బాబాయ్?"

"దొరుకుతాయి. నీ వాపు సెయ్యి దూరొద్దా?"

మూడో రోజు తమ పాత మంచం పట్టె కోసి, నాలుగు పొడుగాటి టేకు పిడులు చెక్కి తెచ్చారు. గుండీలు విప్పి, పాత కన్నాల్లో రంపపు పొట్టు బంకతో కలిపి కూరారు. పై సొరుగుకి సరిగ్గా నడిమిన ఒక పిడి బిగించి "లాగు" అన్నారు.

వేళ్లు దూరాయి. కానీ అంచు కణుపులకు ఒరుసుకుని ప్రాణం జిల్లుమంది. అంత శ్రమపడిన మనిషికి ఏం చెప్పను?

"నొప్పెడతందా?"

"లేదు బాబాయ్."

"అబద్దమాడకమ్మీ. నువ్వు సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?"

పిడి విప్పేసి, వరండాలో కూర్చుని నాలుగింటినీ గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన కూడా పక్కన కూర్చుని రెండు రుద్దారు.

సాయంత్రానికి అన్నీ బిగించారు. కుడిచేత్తోనే లాగాను. సొరుగు తిన్నగా వచ్చింది. నాలుగూ తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను.

"సాల్లే, అరిగిపోతాయి" అని నవ్వి, "కొంచెం టీ ఎట్టగలవా అమ్మీ?" అని అడిగారు బాబాయ్.

మా ఆయన లేవబోయారు. బాబాయ్ ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. రెండు నెలల్లో నన్నెవరైనా ఏదైనా చేసిపెట్టమని అడగడం అదే మొదటిసారి. నేనే టీ పెట్టి తెచ్చాను, సగం సాసర్లో ఒలికింది. బాబాయ్ తాగి, పంచదార తక్కువైందన్నారు.

చేతిలో పూర్తి పట్టు రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. బడికి మాత్రం ఆ మరుసటి సోమవారమే వెళ్లాను.