రేగుపండు ఎక్కడుందనుకుంటున్నావు?

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో, నెలకు పైనే బడిలో నోరు విప్పకుండా ఉన్నాను. అల్లరికి కాదు, మొండితనానికీ కాదు. ఒకే ఒక్క ఇంగ్లీషు ప్రశ్న వల్ల.

మేం నల్గొండ పక్క పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా నాయన పండ్ల మార్కెట్‌లో లారీల నుంచి బత్తాయి బస్తాలు దింపేవాడు. ఆయన వద్దంటున్నా మా అమ్మ పట్టుబట్టి నన్ను ఇంగ్లీషు మీడియం బడిలో వేసింది. ఒకరోజు నా పుస్తకం కనబడలేదు. ‘నా పుస్తకం ఎక్కడుందనుకుంటున్నరు’ అని మనసులో పేర్చుకుని, నాకు తోచిన వరసలో ఇంగ్లీషులోకి దింపాను: “టీచర్, డూ యూ థింక్ వేర్ ఈజ్ మై బుక్?” క్లాసంతా గొల్లుమంది. టీచర్ నన్ను నిలబెట్టి అదే మాట మళ్ళీ అనమంది. అన్నాను. మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత హాజరు పిలిచినా చెయ్యి ఎత్తేదాన్నే తప్ప పలికేదాన్ని కాదు.

నెల గడిచాక టీచర్ మా అమ్మను పిలిపించింది. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టర్ గారు వచ్చేలోపు పిల్ల మాట్లాడకపోతే తెలుగు మీడియంకు మార్చుకొమ్మంది. తిరిగొస్తూ ఇంటి మలుపు దగ్గర అమ్మ ఆగి, “మీ నాయనకు తెలిస్తే నిన్ను ఊరికి పంపుతడు బిడ్డా. జర మాట్లాడరాదే” అంది.

మేం కిరాయికున్న ఇంటి మేడ మీద గదిలో ఒక అక్క కూడా కిరాయికి ఉండేది. కోస్తా వైపు అమ్మాయి. పొద్దున టైపు నేర్చుకోవడానికి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసేది. నేను ‘ఏంది’ అంటే నవ్వి, తనూ ఆ మాట పలికి చూసుకునేది. ఆ నవ్వు మాత్రం నాకు గుచ్చుకునేది కాదు. అమ్మ వెళ్ళి ఆమెకు సంగతంతా చెప్పింది. అక్క నన్ను పుస్తకం తెమ్మనలేదు. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, నేను కళ్ళు మూసుకున్నప్పుడు ఒక దాని కింద రేగుపండు దాచింది.

“డూ యూ నో వేర్ ద ఫ్రూట్ ఈజ్?” అని అడిగింది. నాకెట్లా తెలుస్తుంది? నో అన్నాను. అయితే ఆట అయిపోయిందని పండు తీసి తనే నోట్లో వేసుకుంది. ఇంకో పండు దాచి, ఈసారి “వేర్ డూ యూ థింక్ ద ఫ్రూట్ ఈజ్?” అంది. నడిమి గ్లాసు చూపించాను. అక్కడ లేదు. అయినా ఇంకోసారి చూపించమంది, దొరికింది. తర్వాత నా వంతు. పండు దాచి, నా పాత పద్ధతిలోనే “డూ యూ థింక్ వేర్ ఈజ్ ద ఫ్రూట్?” అన్నాను. అక్క “ఎస్, ఐ థింక్” అని చేతులు కట్టుకుని కూర్చుంది. ఏ గ్లాసూ చూపించదు, కదలదు. నాకు మొదట ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే వెలిగింది. నేను అడిగింది ‘అనుకుంటున్నావా’ అని. ‘ఎక్కడ’ అని కాదు.

అప్పుడు విడమరిచి చెప్పింది. తెలుసా అని అడిగేటప్పుడు అవుననో కాదనో అంటే చాలు, అందుకని ‘వేర్’ మధ్యలో ఉన్నా ఫరవాలేదట. ‘థింక్’తో అడిగేటప్పుడు మనకు కావలసింది ఆ చోటే, కాబట్టి ‘వేర్’ అన్నిటికంటే ముందుకు రావాలట. ఎలా అడిగినా ‘ఈజ్’ పండు తర్వాతే. ప్రశ్న ఒకసారి మొదలుపెట్టాక లోపల మళ్ళీ తిప్పక్కర్లేదంది. ఆ పైన నా గడ్డం పట్టుకుని అంది:

“తెలుసా అంటే తెలీదని ఊరుకోవచ్చు. ఏమనుకుంటున్నావంటే మాత్రం ఎవరి దగ్గరైనా ఏదో ఒక జవాబుంటుందమ్మా. అనుకున్నది తప్పయినా సిగ్గుపడక్కర్లేదు.”

ఆ వారమంతా నా నోరు ఆగింది లేదు. వాన ఎప్పుడొస్తుందనుకుంటున్నావు, నాయన ఏం తెస్తాడనుకుంటున్నావు, అన్నీ ఇంగ్లీషులోనే అమ్మను అడిగేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మ రొట్టెలు చేస్తూ అన్నిటికీ సంతోషంగా ‘ఎస్’ అనేది.

ఇన్‌స్పెక్టర్ గారు రానే వచ్చారు. పిల్లలనే తనను ప్రశ్నలు అడగమన్నారు. ముందు బెంచీల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయన పేరు అడిగారు. అది చూసి నాకు ఏదో ధైర్యం వచ్చింది, లేచాను. ఎదురుగా టీచర్ కనబడింది, నోటికొచ్చింది అడిగేశాను: “సర్, హౌ ఓల్డ్ డూ యూ థింక్ అవర్ టీచర్ ఈజ్?”

టీచర్ ముఖం ఎర్రబడింది. ఆయన కళ్ళజోడు తీసి కాసేపు నవ్వి, “ఐ డోంట్ నో హౌ ఓల్డ్ షీ ఈజ్. బట్ ఐ థింక్ షీ ఈజ్ ఎ గుడ్ టీచర్” అన్నారు. ఐదో తరగతి పిల్ల ఇంత చక్కగా అడగడం తాను చూడలేదని హెడ్‌మాస్టర్‌తో కూడా చెప్పి వెళ్ళారు.

ఆయన గేటు దాటగానే టీచర్ నా దగ్గరికి వచ్చింది. స్కేలు దెబ్బ ఖాయమనుకున్నాను. ఆమె వంగి, అదే ప్రశ్న నన్నే అడిగింది, తన వయసెంత అనుకుంటున్నానని. ‘ఫిఫ్టీ’ అన్నాను. ఆమెకు అప్పటికి ముప్ఫై నిండలేదట. అనుకున్నవన్నీ పైకి చెప్పకూడదన్న సంగతి అక్క నేర్పలేదు మరి. టీచర్ మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తెలుగు మీడియం మాట మళ్ళీ ఎత్తలేదు.

పెద్దయ్యాక నేను నర్సునై, ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఒకసారి ఒక తల్లి ఏడుస్తున్న పాపను ఎత్తుకుని వచ్చింది. ఏమైందో తెలుసా అని డాక్టరు గారు అడిగితే తెల్వదని తల దించుకుంది. నేను పక్కకు తీసుకెళ్ళి, “నువ్వేమనుకుంటున్నవమ్మా?” అని అడిగాను. “చెవుల ఏమన్న పెట్టుకున్నదేమో అనిపిస్తుంది మేడం” అంది. లైటు వేసి చూస్తే పాప చెవిలో శనగగింజ.

ఇప్పుడు ఉద్యోగం లేదు, అల్మాస్‌గూడలో ఇంటిపట్టునే ఉంటున్నాను. అయినా నా ముందు ఎవరైనా తెలీదని తల దించుకుంటే అక్కడితో వదిలిపెట్టను. పక్కన కూర్చుని, ఇంకో రకంగా అడుగుతాను.