సాంచె నూనె తాగిన అద్దం

మొన్న మా అమ్మాయి కొత్త కారులో సూరత్‌లోని పర్వత్ పాటియా మీదుగా వస్తుంటే, నేను రోజూ చాయ్ తాగే బండివాడు కనిపించాడు. పలకరిద్దామని కిటికీ మీట నొక్కాను. అద్దం కదల్లేదు. మళ్ళీ నొక్కాను, ఇంకాస్త గట్టిగా నొక్కాను, అయినా కదల్లేదు. స్టీరింగు దగ్గరున్న అమ్మాయి వెనక్కైనా తిరగకుండా, పిల్లలు ఊరికే ఆడిస్తున్నారని లాక్ చేశాను నాన్నా, అంది. డెబ్బై దాటిన మనిషిని పిల్లల జాబితాలో వేసినందుకు ఒళ్ళు మండిందనుకోండి, కానీ నా కోపం అమ్మాయి మీద కాదు. దిగమన్నప్పుడు దిగని కారు అద్దాలతో నాకు పాత పగ ఉంది. అది కరోనా వచ్చిన ఏడాది మొదలైంది.

మా బావ, అంటే అక్క మొగుడు, సిరిసిల్ల నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, గోడాదరాలో సాంచెల మీద పనిచేసి మాస్టరు అయ్యాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అనే అంటారు. ఆ కార్ఖానా సేఠ్ కొత్త కారు కొనుక్కుని, తన తండ్రి కాలంనాటి గుండ్రటి బుగ్గల కారును బావకు అంటగట్టాడు. దాన్ని బావ చీరల మూటలు కట్టే గుడ్డ కప్పి దాచుకునేవాడు, దసరాకు నిమ్మకాయలు తొక్కించి వీధి చివరిదాకా తిప్పి తెచ్చేవాడు. వెనక కుడివైపు తలుపు తీగతో కట్టేసి ఉండేది, ఎడమవైపు తలుపు అద్దం ఎక్కడిదక్కడ బిగుసుకుపోయి ఉండేది. ఏడాదికోసారి ఊరేగే బండికి అద్దం దిగితేనేం, దిగకపోతేనేం అని ఎవరూ పట్టించుకోలేదు.

అక్కకు మూత్రపిండాలు చెడి, వారం వారం ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవలసి వచ్చిన కాలంలోనే లాక్‌డౌన్ పడింది. ఆటోలు ఆగిపోయాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. ఒక్కసారి తప్పితే కాళ్ళూ ముఖమూ ఉబ్బి, అక్కకు ఊపిరి ఆడదు. బావ కంటికి శుక్లం, కాబట్టి హజీరా ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన నేనే డ్రైవరునయ్యాను. బయట తిరిగే మీ ఇద్దరితో ఆమె మూసిన కారులో కూర్చోకూడదు, తన పక్క అద్దం తప్పకుండా దించి ఉంచండి, అని అక్కడి మన తెలుగు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పైగా మిషను దిగాక అక్కకు దారంతా కడుపులో తిప్పేది. ఎక్కి కూర్చోవడానికి ఉన్నదేమో ఆ ఎడమవైపు ఒక్కటే.

హ్యాండిల్ పట్టుకుని తిప్పితే అద్దం వేలెడు దిగి ఆగిపోయేది. రెండు పక్కలా అద్దం జారే గాడిలో మెత్తటి పట్టీ ఉంటుంది, అది ఎండి గట్టిపడిపోయింది, తలుపు లోపలి అట్ట విప్పి శుభ్రం చేద్దాం అన్నాను నేను. బావ వింటేగా. ఆయనకు లోకంలో ఏ రోగానికైనా ఒకటే మందు.

"సాంచె ఆగితే నూనె, మనిషి ఆగితే చాయ్. గంతే బామ్మర్దీ. గీదానికి తలుపు విప్పుడేంది?" అంటూ పొడుగుముక్కు డబ్బాతో సాంచె నూనె ఆ సందులోకి ధారగా పోశాడు.

అద్దం వెన్నలా దిగింది. బావ మీసం దువ్వుకున్నాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. గోడాదరా గాలిలో దుమ్ముకన్నా దూదినూగు ఎక్కువ, మిల్లులు మూసినా అది గోడల మీద, చెట్ల మీద, మా తలల మీద ఉండనే ఉంది. నూనె తాగిన పట్టీకి ఆ నూగంతా అంటుకుని గాడిలో ముద్ద కట్టింది, అద్దం మునుపటికంటే మొండికేసింది. బావ మరింత నూనె పోశాడు. చివరికి అద్దాన్ని కింద పట్టుకునే రబ్బరు కూడా నానిపోయి, వానపడుతున్న ఒక ఉదయం అద్దం పట్టు వదిలి తలుపు కడుపులోకి ధడేలున జారిపడింది. ఎన్నాళ్ళో దిగమని వేడుకున్న అద్దం దిగింది, ఇక పైకి రాదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బావను నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన అట్లనే నిలబడి నూనె డబ్బా వంకే చూశాడు.

పట్టీ కొందామంటే ఊరంతా షట్టర్లు దించే ఉన్నాయి. తలుపు విప్పి, అద్దాన్ని సగందాకా పైకి లాగి, అది జారకుండా సందులో ఒక చెక్క కండె దిగ్గొట్టాను. నూలు చుట్టుకునే కండె కారుకు ఇలా పనికొస్తుందని అది చేసినవాడు కలలోనైనా అనుకుని ఉండడు. వాన పెద్దదైతే చీరల ప్లాస్టిక్ కవరు అడ్డం కట్టేవాళ్ళం. గుంత వచ్చినప్పుడల్లా కండె వదులయ్యేది, అద్దం గజగజలాడేది. మిషను కోసం నరం కుట్టిన ఎడమచేత్తో అక్క బరువు పట్టకూడదు. అందుకని పక్కకు తిరిగి, కుడిచేత్తో అద్దం అంచు పట్టుకుని కూర్చునేది. నీరసంతో తల వాలిపోతున్నా ఆ చెయ్యి మాత్రం వదిలేది కాదు. నేను ప్రతి గుంతనూ తిట్టుకుంటూ నడిపేవాణ్ణి.

"ఊకో తమ్మీ. సాంచె మీద ఇరవై ఏండ్లు పోగులు పట్టిన, గీ అద్దం పట్టలేనా," అనేది.

లోకమంతా తలుపులు మూసుకుని, మూతులు మూసుకుని కూర్చున్న కాలంలో మేం ముగ్గురం ఒక్క అద్దం తెరవడానికి పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పటికీ విసుగే వస్తుంది. అయితే ఆ గతుకుల ప్రయాణాల్లో అక్క ఒక్క వారమూ మిషను మానలేదు. కరోనా ఆమెను ముట్టలేదు. రెండో ఏడాది గడిచి, బజార్లు తెరిచాక, ఆ పాత జబ్బుతోనే, ఇంట్లోనే, నిద్రలో వెళ్ళిపోయింది.

పెద్దకర్మ అయ్యాక నేనే పట్టుబట్టి ఆ కారును మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాను. అతను నూనె ముద్దంతా గీకేసి, కొత్త పట్టీ, కొత్త రబ్బరు వేశాడు. హ్యాండిల్ చిటికెన వేలితో తిప్పినా అద్దం మెత్తగా దిగింది, మెత్తగా ఎక్కింది. ఇన్నాళ్ళ కసి తీరినట్టు నేను దాన్ని పదేపదే దించి, ఎక్కించి చూపించాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మంచిగైంది బామ్మర్దీ. ఇగ ఎవల కోసం దించాలె?"

నేను హ్యాండిల్ వదిలేశాను.

ఇప్పటి కార్లలో అద్దాలు బిగుసుకోవు, జారిపడవు, నూనె అడగవు. వేలు ఆనిస్తే చాలు. అయినా ఎవరూ దించరు. ఎండా వానా లోపలికి రావు, దారిలో పిలిచే మనిషి గొంతూ రాదు, పక్కన కూర్చున్న మనిషి దేన్నీ పట్టుకోవలసిన అవసరమూ రాదు. మొన్న అమ్మాయి లాక్ తీసేసరికి చాయ్ బండి దాటిపోయింది. అయినా నేను అద్దం దించి, ఇల్లు వచ్చేదాకా దాని అంచు మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను. ఏసీ వేస్ట్ అవుతోంది నాన్నా, అని అమ్మాయి రెండుసార్లు అంది. నేను చెయ్యి తీయలేదు.