నలభై రెండు డిగ్రీలు, గంటన్నర

ఉదయం ఐదున్నరకి నూజివీడు బస్టాండులో బెజవాడ బస్సెక్కాం, నేనూ మా వదిన సువార్తా. వదినకి అండాశయంలో వచ్చిన కేన్సర్ రెండేళ్ళకి తిరగబెట్టింది. "మళ్ళీ ఆపరేషనా? ఈసారి నన్ను పెట్టెలోనే తెస్తారు," అని వదిన భీష్మించుకుంది. నలభై మంది పిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెట్టే టీచర్ని నేను; ఈవిడొక్కదాన్ని కదిలించడానికి నాకు వారం పట్టింది. డాక్టరు చెప్పేది వినొచ్చేద్దాం, అంతే అని ఒప్పించాను. అన్నయ్యని తీసుకురాలేదు. ఆసుపత్రి వాసనకే ఆయనకి కళ్ళు తిరుగుతాయి.

ఏడింటికి బెజవాడ. స్టేషన్ బయట ఇడ్లీ తిని రైలెక్కాం. కిటికీలోంచి కనపడ్డ ప్రతి మామిడితోటకీ వదిన వంకలు పెట్టింది.

"కొమ్మలు కత్తిరించలేదు చూడు. మీ అన్నయ్యలాంటివాడే ఎవడో!"

రెండింటికి హైదరాబాదులో దిగి, ఆసుపత్రి పక్క సందులో గది తీసుకున్నాం. మీరెవరైనా వెళ్తే లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి. మేం అడక్క మూడంతస్తులెక్కాం.

మర్నాడు పదింటికి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. "కంటికి కనపడిన గడ్డలన్నీ తీసేస్తామమ్మా. కనపడనివాటి కోసం కీమో మందుని వేడిచేసి పొట్టలో తిప్పి, బయటికి తోడేస్తాం."

వదిన నిటారుగా కూర్చుంది. "ఎన్ని డిగ్రీలండీ?"

"నలభై రెండు. గంటన్నర."

"మేం నలభై ఎనిమిదిలో గంట ఉంచుతామండీ."

డాక్టరమ్మ నావైపు చూసింది. వదిన మామిడికాయలు పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో పనిచేస్తుందనీ, ఎగుమతి కాయల్లో కంటికి కనపడని ఈగ గుడ్లు చావడానికి వాటిని వేణ్ణీళ్ళ తొట్టిలో ముంచుతారనీ చెప్పాను.

డాక్టరమ్మ నవ్వింది గాని, ఆశపెట్టలేదు. "మళ్ళీ రాదని మాటివ్వలేనమ్మా."

"మా కాయకి మాత్రం ఎవరు మాటిస్తారండీ? చేసెయ్యండి," అంది వదిన. తను సంతకం పెడుతుంటే నాకు ఏడుపాగలేదు.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. బయట బెంచీ మీద చేసిన ప్రార్థనే మళ్ళీ మళ్ళీ చేశాను.

మూడు వారాలకి తిరుగు రైలెక్కాం. కింది బెర్తే అడిగి తీసుకోండి, కుట్లు లాగవు. ఎదుటి బెర్తు పెద్దావిడ సంగతంతా విని, "అయ్యో, రెండోసారా తల్లీ! పిల్లలింకా చిన్నవాళ్ళా?" అని కళ్ళొత్తుకుంది.

వదినకి నవ్వొచ్చి, పొట్ట మీద దిండు అదిమి పట్టుకుంది.

"వేణ్ణీళ్ళలోంచి తీసిన కాయనైనా చల్లారేదాకా పెట్టెలో పెట్టమండీ. నన్నప్పుడే పెట్టెయ్యకండి."